రెఫోర్మా రోడ్డు మీద ఆదివారం నడక: మెక్సికో సిటీలో ఒక టూర్ గురించి నా రివ్యూ

ఈ టూర్ సంగతి మాకు చెప్పింది గ్వాదలహారాలో మా ఆఫీసులో పనిచేసే ఒక మెక్సికన్ అమ్మాయి. "మెక్సికో సిటీ వెళ్తున్నారు కదా, పిరమిడ్లు చూడండి, తప్పకుండా చూడండి, కానీ ఆదివారం పొద్దున మాత్రం దీనికి ఉంచుకోండి" అంది. మేము ఈ దేశం వచ్చి రెండేళ్లు దాటింది. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ అడిగే మొదటి మాట "అక్కడ గ్యాంగులు, కాల్పులు అంటారు, జాగ్రత్తగా ఉంటున్నారా నాన్నా" అనే. నాకూ తెలిసింది దాదాపు అంతే, వెబ్ సిరీసుల్లో చూసింది, వార్తల్లో విన్నది. అందుకే నేరాలు, అవినీతి గురించి నడిపించి చూపించే టూర్ అనగానే డ్రగ్స్ ముఠా నాయకుడు ఎల్ చాపో కథలేవో వినబోతున్నాం అనుకుని వెళ్లాను.

ఎల్ చాపో పేరు నాలుగు గంటల్లో ఒక్కసారే వచ్చింది, అదీ మాతో వచ్చిన ఒక కుర్రాడు అడిగితే. గైడ్ ఆగి చెప్పింది: 2015 జులైలో అతను పారిపోయిన సొరంగం పొడవు సుమారు ఒకటిన్నర కిలోమీటరు, అది దేశంలో అత్యంత భద్రత ఉన్న జైల్లో అతని గది స్నానాల చోటుకి తేలింది. అంత పని జరుగుతుంటే వినీ విననట్టు ఉన్నవాళ్లు కొందరు ఉండాలి కదా, ఈ టూర్ వాళ్ల గురించి, వాళ్ల వల్ల పోయినవాళ్ల గురించి అంది. ఆ మాట తర్వాత మా గుంపులో ఎవరూ గ్యాంగుల గురించి అడగలేదు.

గైడ్ పేరు, టూర్ పేరు ఇక్కడ రాయడం లేదు. ఆవిడ ఇంతకుముందు పత్రికలో రిపోర్టర్‌గా చేసింది, పేరు నెట్‌లో పెట్టొద్దని మా అందరినీ అడిగింది. విలేఖరులకు ప్రపంచంలోనే ప్రమాదకరమైన దేశాల్లో మెక్సికో ఒకటి. 2017లో రెండు నెలల తేడాలో చిహువాహువాలో మిరోస్లావా బ్రీచ్‌ని, కూలియకాన్‌లో హవియెర్ వాల్దెస్‌ని చంపేశారు, ఇద్దరూ ఊరందరికీ తెలిసిన విలేఖరులే. కాబట్టి ఆ భయం ఊరికే పడేది కాదు. ఫీజు అంటూ లేదు, చివర్లో మనకు తోచింది ఇవ్వడమే. నేను, మా ఆవిడ కలిపి 600 పెసోలు ఇచ్చాం. మా గుంపులో తొమ్మిది మందిమి. స్పానిష్‌లో చెబుతుంది, అర్థం కాక ముఖాలు చూసుకుంటుంటే ఇంగ్లిష్‌లో మళ్లీ చెబుతుంది.

ఆదివారం పొద్దున 8 నుంచి మధ్యాహ్నం 2 దాకా రెఫోర్మా రోడ్డు మీదకి కార్లు రానివ్వరు. సైకిళ్లు, కుక్కలు, స్కేటింగ్ పిల్లలు, తోపుడు బళ్లు, అంతా పండగలా ఉంటుంది. చపుల్తెపెక్ అడవి దగ్గర మొదలుపెట్టి తూర్పుగా బుకరేలీ వీధి కూడలి దాకా నడవాలి, నాలుగు కిలోమీటర్లు ఉంటుందేమో. దారిలో చూపించేవాటిలో ఎక్కువ భాగం 'ఆంతిమోనుమెంతో' అని వీళ్లు పిలిచే ఉక్కు అంకెలు. ఇవి ప్రభుత్వం కట్టించినవి కావు. అనుమతి లేకుండా బాధిత కుటుంబాలు, వాళ్లకు తోడైనవాళ్లు తెచ్చి రోడ్డు మధ్య సిమెంటు పోసి పాతినవి. న్యాయం జరిగిన రోజు మేమే తీసేస్తాం అని వాళ్ల మాట. మొదటిది 2015లో పెట్టారు. ఇప్పటిదాకా తీయాల్సిన అవసరం రాలేదు.

మొదట ఆగింది ఎస్తేలా దె లూస్ దగ్గర. 104 మీటర్ల ఎత్తున్న స్తంభం, స్ఫటికపు పలకలు అతికించింది, స్వాతంత్ర్య పోరాటం మొదలై 200 ఏళ్లు అయిన సందర్భంగా 2010 సెప్టెంబర్‌కి సిద్ధం కావాలి. తెరిచింది 2012 జనవరిలో. మొదట అనుకున్నది సుమారు 40 కోట్ల పెసోలు, చివరికి లెక్క 100 కోట్లు దాటింది. ఊళ్లో వాళ్లు దీన్ని సువావిక్రేమా అంటారు, అది ఇక్కడ దొరికే క్రీమ్ వేఫర్ బిస్కెట్ పేరు, నిజంగానే అలాగే ఉంటుంది. ఇక్కడే గైడ్ మాకు రెండు మాటలు నేర్పింది. 'మొర్దీదా' అంటే కాటు, ట్రాఫిక్ పోలీసుకి ఇచ్చేది, మన ఆమ్యామ్యా. 'మోచె' అంటే కోత, పెద్ద కాంట్రాక్టులో పైవాడికి వెళ్లే కమీషన్.

ఈ స్తంభం వెనక అడవిలోనే లోస్ పినోస్ ఉంది, 1934 నుంచి 2018 దాకా అధ్యక్షులు ఉన్న ఇల్లు. ఇప్పుడు ఎవరైనా ఉచితంగా లోపలికి వెళ్లి చూడొచ్చు. దాని గురించి ఆవిడ చెప్పిన తువాళ్ల కథ నాకు బాగా నచ్చింది. 2001లో విసెంతె ఫోక్స్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ఆ ఇంటికి కొన్న ఒక్కో తువాలు ధర 4,000 పెసోలు దాటింది, అప్పటి లెక్కలో 400 డాలర్ల పైన. ఇది బయటపడింది ఎవరో రహస్యంగా చెప్పడం వల్ల కాదు, ప్రభుత్వ కొనుగోళ్లన్నీ ఇంటర్నెట్‌లో పెట్టడం మొదలుపెట్టారు, విలేఖరులు కూర్చుని ఆ బిల్లులు చదివారు, అంతే. మరుసటి ఏడాది 2002లో సమాచార హక్కు చట్టం వచ్చింది. మనకు ఆర్టీఐ వచ్చింది 2005లో, అంటే వీళ్లు మనకన్నా ముందు. ఆ తర్వాత 2014లో అప్పటి అధ్యక్షుడు పెన్యా నియెతో కుటుంబం కోసం కట్టిన 70 లక్షల డాలర్ల తెల్ల ఇల్లు ఒక ప్రభుత్వ కాంట్రాక్టరు కంపెనీ పేరు మీద ఉందని విలేఖరి కార్మెన్ అరిస్తెగీ బృందం బయటపెట్టింది కూడా కాగితాలు తిరగేసే. కొన్ని నెలలకే ఆవిడ రేడియో ఉద్యోగం పోయింది, అధ్యక్షుడి మీద విచారణ చేసిన మంత్రి మాత్రం తప్పేమీ లేదని తేల్చాడు, ఆ మంత్రిని నియమించింది ఆ అధ్యక్షుడే.

ఇక్కడిదాకా నేను హుషారుగానే వింటున్నాను. మన దగ్గర ఇలాంటివి చూసినవే కదా, పోల్చుకుంటూ నవ్వుకున్నాం కూడా. తర్వాతి చోటికి రాగానే ఆ నవ్వు పోయింది.

సామాజిక భద్రతా సంస్థ ప్రధాన కార్యాలయం ఎదురుగా 49 అనే అంకె ఉంది, పక్కన ఏబీసీ అనే అక్షరాలు. 2009 జూన్ 5న సొనోరా రాష్ట్రం ఎర్మోసియోలో ఏబీసీ అనే పిల్లల సంరక్షణ కేంద్రంలో మంటలు లేచి 49 మంది చనిపోయారు. అందరూ చంటిపిల్లలు, ఐదేళ్లలోపు వాళ్లు. ఉద్యోగం చేసే తల్లుల కోసం ప్రభుత్వం నడపాల్సిన కేంద్రం అది, ప్రైవేటు వాళ్లకు అప్పజెప్పారు, ఆ యజమానుల్లో అప్పటి రాష్ట్ర అధికారుల భార్యలు, దేశాధ్యక్షుడి భార్య బంధువు ఉన్నారు. పెట్టింది ఒక గోడౌన్‌లో. పక్క గోడౌన్ రాష్ట్ర ఆర్థిక శాఖది, పాత కాగితాలు, పాత బళ్లు పెట్టుకునేది, మంటలు అక్కడే మొదలయ్యాయి. పైకప్పు రెండిటికీ ఒకటే. లోపల వేడి తగలకుండా కట్టిన ఫోమ్ కరిగి నిప్పులుగా పిల్లల మీద పడింది. అత్యవసర ద్వారం సరిగా లేదు. ఒకతను తన పికప్ ట్రక్కుని వెనక్కి తీసి గోడకి గుద్ది, మళ్లీ తీసి మళ్లీ గుద్ది కన్నం పెట్టాడు, కొంతమంది పిల్లల్ని ఆ కన్నంలోంచే బయటికి తీశారు.

గైడ్ ఇక్కడ గొంతు పెంచలేదు. పిల్లలు మధ్యాహ్నం నిద్రపోయే సమయం అది అని చెప్పి, ఆ కేంద్రానికి తనిఖీలో అన్నీ బాగున్నాయని కాగితం ఉంది అని మాత్రం చెప్పి పక్కకి జరిగింది. 2010లో సుప్రీంకోర్టు హక్కుల ఉల్లంఘన జరిగిందని ఒప్పుకుంది కానీ పెద్ద అధికారుల్ని బాధ్యులుగా చెప్పడానికి మెజారిటీ జడ్జీలు ఒప్పుకోలేదు. మా ఆవిడ ఆ అంకె కింద పెట్టిన చిన్న బూట్లు చూసి అక్కడే కూర్చుండిపోయింది. మాకు మూడేళ్ల పాప ఉంది, ఆ రోజు ఫ్రెండ్స్ ఇంట్లో వదిలి వచ్చాం. గైడ్ అందరినీ ఆపి మేము లేచేదాకా ఆగింది, తొందర పెట్టలేదు. ఈ టూర్‌కి నేను మంచి రివ్యూ రాయడానికి మొదటి కారణం ఆ పది నిమిషాలు.

అమెరికా రాయబార కార్యాలయం ఎదురుగా ఉన్నది 72. 2010 ఆగస్టులో తమౌలీపాస్ రాష్ట్రం సాన్ ఫెర్నాందోలో, సరిహద్దు దాటడానికి వెళ్తున్న 72 మందిని సేతాస్ ముఠా ఒక పాడుబడ్డ గోడౌన్‌లో కాల్చి చంపింది. 58 మంది మగవాళ్లు, 14 మంది ఆడవాళ్లు. గాయంతో బతికి బయటపడ్డ ఒక ఈక్వడార్ కుర్రాడు నేవీ వాళ్ల దగ్గరికి చేరి చెబితే తప్ప లోకానికి తెలియలేదు. ఎక్కువమంది హోండురాస్, ఎల్ సాల్వడార్, గ్వాటెమాలా వాళ్లు. ఇంతలో గైడ్ మా ఇద్దరి వైపు తిరిగి "మీ దేశం వాళ్లు కూడా ఒకరున్నారు" అంది. నాకు తెలియదు. ఇండియా నుంచి బయల్దేరి ఇన్ని సముద్రాలు దాటి, ఎన్ని లక్షలు ఏజెంటుకి కట్టి, ఇక్కడ ఆ గోడౌన్‌లో పడి ఉండడం ఊహించలేకపోయాను. వీసా మీద విమానంలో దర్జాగా దిగిన నేను ఆ మనిషి గురించి రెండేళ్లలో ఒక్క ముక్క కూడా వినలేదు. మరుసటి ఏడాది అదే ఊరి చుట్టూ గుంతల్లో 193 శవాలు దొరికాయి, ఆ కేసులో అరెస్టయినవాళ్లలో ఊరి పోలీసులూ ఉన్నారు.

స్టాక్ ఎక్స్ఛేంజ్ ఎదురుగా 65 ఉంది, 2006లో పాస్తా దె కోంచోస్ బొగ్గు గనిలో గ్యాస్ పేలి చనిపోయిన కార్మికులది. అప్పట్లో రెండు శవాలే పైకి తీశారు, 63 మందిని గనిలోనే వదిలేశారు, వాళ్ల అవశేషాలు దొరకడం మొదలైంది 2024లో. ఇక్కడ ఇంకాసేపు ఆగి ఉంటే బాగుండేది. సింగరేణి ప్రాంతం నుంచి వచ్చినవాళ్లెవరైనా మాతో ఉంటే ఆవిడని వదిలేవాళ్లు కాదు.

తర్వాతిది నాకు సొంత విషయం. పామ్ చెట్టు ఉండే పాత రౌండబౌట్, 2022లో ఆ చెట్టు ఎండిపోతే తీసేశారు, ఇంకో చెట్టు నాటేలోపు తప్పిపోయినవాళ్ల కుటుంబాలు వచ్చి చుట్టూ ఫోటోలు అతికించి ఇది మాది అన్నాయి. దేశంలో ఆచూకీ తెలియనివాళ్లు 1,30,000 మంది దాటారని ప్రభుత్వ రిజిస్టరే చెబుతోంది. వాళ్లను వెతికేది ఎక్కువగా తల్లులే. 'మాద్రెస్ బుస్కదోరాస్', అంటే వెతికే తల్లులు. గునపాలు, పారలు, ఒక పొడుగాటి ఇనప ఊచ పట్టుకుని పొలాల్లోకి వెళ్తారు. ఊచని నేలలోకి దించి, పైకి తీసి, కొసని వాసన చూస్తారు. శవం వాసన వస్తే అక్కడ తవ్వుతారు. గైడ్ ఇది చేత్తో చేసి చూపించింది, దించడం, తీయడం, ముక్కు దగ్గర పెట్టుకోవడం.

మేముండే గ్వాదలహారాలో కూడా ఇలాంటి రౌండబౌట్ ఒకటుంది. నీన్యోస్ ఎరోయెస్ స్తంభం, దాన్నిప్పుడు అందరూ తప్పిపోయినవాళ్ల రౌండబౌట్ అనే అంటారు. ఆఫీసుకి వెళ్లే దారిలో రెండేళ్లుగా రోజూ దాని చుట్టూ తిరిగి వెళ్తున్నాను. ఆ ఫోటోల్ని నేను ఎన్నికల పోస్టర్లు చూసినట్టు చూశాను. తప్పిపోయినవాళ్లు అందరికన్నా ఎక్కువ ఉన్న రాష్ట్రం మా హలిస్కోనే. 2025 మార్చిలో తెవుచిత్లాన్ దగ్గర ఒక ఫారంలో తల్లుల బృందం వందల జతల బూట్లు, బట్టలు, కాలిన ఎముకలు బయటపెట్టినప్పుడు ఆఫీసులో రెండు రోజులు అదే మాట్లాడుకున్నాం, మూడో రోజు మర్చిపోయాం. అదే ఫారంలోకి అంతకు ఆరు నెలల ముందు నేషనల్ గార్డు, ప్రాసిక్యూటర్ ఆఫీసు మనుషులు వెళ్లి వచ్చారు. వాళ్లకు కనపడని బూట్లు తల్లులకు కనపడ్డాయి.

చివర్లో బుకరేలీ కూడలి, ఎర్ర ఉక్కుతో +43. ఈ పేరు మీరు వినే ఉంటారు, అయోత్సినాపా. గెర్రేరో రాష్ట్రంలో పల్లెటూరి పిల్లలు చదివే ఉపాధ్యాయ శిక్షణ కాలేజీ, మన డైట్ కాలేజీ లాంటిది. 2014 సెప్టెంబర్ 26 రాత్రి ఇగ్వాలా ఊళ్లో పోలీసులు వాళ్ల బస్సుల్ని అడ్డగించి 43 మందిని పట్టుకెళ్లారు, ముఠాకి అప్పజెప్పారు. విద్యార్థులు ఆ బస్సులు పట్టుకుంది మెక్సికో సిటీలో అక్టోబర్ 2 ఊరేగింపుకి వెళ్లడానికి, 1968లో సైన్యం చంపిన విద్యార్థుల జ్ఞాపకంగా జరిగేది. అటార్నీ జనరల్ మురీయో కరామ్ 2015 జనవరిలో శవాల్ని చెత్త దిబ్బలో కాల్చేశారు, ఇదే 'చారిత్రక సత్యం' అని ప్రకటించాడు. అంతర్జాతీయ నిపుణుల బృందం వచ్చి అలా కాలడం సాధ్యం కాదని తేల్చింది. 2022లో ఆయనే అరెస్టయ్యాడు, అదే నెల ప్రభుత్వ కమిషన్ దీన్ని రాజ్యం చేసిన నేరం అంది. ఇప్పటికీ ముగ్గురి ఎముకలే గుర్తుపట్టారు. ముందున్న ప్లస్ గుర్తు ఎందుకంటే, ఆ 43 మందితో ఆగలేదు కాబట్టి.

లోపాలు కూడా చెప్పాలి. పాత ప్రభుత్వాల గురించి ఒక్కో కాగితం, ఒక్కో అంకె చూపించి చెప్పిన ఆవిడ ఇప్పటి పాలన దగ్గరికి వచ్చేసరికి ఇరవై నిమిషాల్లో ముగించేసింది. నేను అడిగితే చెప్పింది, బాగానే చెప్పింది, కానీ అడగాల్సి రావడం నాకు నచ్చలేదు. 2018లో అధ్యక్షుడైన లోపేస్ ఒబ్రదోర్, 2024లో ఆయన తర్వాత వచ్చిన షేన్‌బౌమ్ ఇద్దరూ అవినీతి పీడ వదిలిస్తామనే వచ్చారు. 2025 మార్చిలో తంపీకో రేవులో కోటి లీటర్ల డీజిల్ పట్టుబడింది, పన్ను ఎగ్గొట్టడానికి కాగితాల్లో వేరే సరుకు పేరు రాసి తెచ్చింది. సెప్టెంబర్‌లో ఆ ఇంధన దందాలో నేవీ వైస్ అడ్మిరల్ ఒకరిని అరెస్టు చేశారు, మాజీ నేవీ మంత్రి భార్యకి మేనల్లుడు ఆయన. నాకు అందరికన్నా బాధ కలిగించింది సమాచార హక్కు సంగతి. తువాళ్ల నుంచి తెల్ల ఇంటి దాకా అన్నీ కాగితాలు చదివి పట్టుకున్నవే అని పొద్దున చెప్పింది కదా, ఆ కాగితాలు ఇప్పించే స్వతంత్ర సంస్థ ఇనాయ్‌ని 2025లో రద్దు చేసి పనిని ప్రభుత్వ శాఖకే అప్పగించారు. ఖర్చు తగ్గించడానికి అన్నారు. నాకు ఈ వాదన అస్సలు ఎక్కలేదు. అడగాల్సిన వాడి దగ్గరే అడిగే హక్కు దాచిపెడితే ఎవరు అడుగుతారు? ఈ విషయాన్ని ఆవిడ టూర్ మొదట్లోనే, ఆ స్తంభం కిందే చెప్పి ఉండాల్సింది.

2025 నవంబర్ 1న మిచోవకాన్ రాష్ట్రంలో ఉరువాపాన్ మేయర్ కార్లోస్ మాంసోని చనిపోయినవాళ్ల పండగలో జనం మధ్యే కాల్చి చంపారు. వ్యాపారుల దగ్గర, రైతుల దగ్గర ముఠాలు మామూళ్లు వసూలు చేస్తున్నాయని, కేంద్రం బలగాలు పంపాలని బతిమాలుకున్న మనిషి. మేము వెళ్లినప్పుడు అది కొత్త గాయం. గుంపులో మిచోవకాన్ ఆవిడ ఒకరున్నారు, వాళ్ల అన్నయ్యకి అవకాడో తోట ఉందట, కిలోకి ఇంత అని కట్టాలట. ఆవిడ మాట్లాడిన ఐదు నిమిషాలు గైడ్ పక్కన నిలబడి విన్నది.

ఇంకా చిన్న ఫిర్యాదులు: నాలుగు గంటల్లో టాయిలెట్ కోసం ఒక్కసారే ఆగాం, అదీ ఒక కాఫీ షాపులో కొనుక్కుంటేనే. ఈ ఊరు 2,200 మీటర్ల పైన ఉంటుంది, ఎండ చల్లగా ఉన్నట్టే ఉండి మాడ్చేస్తుంది, టోపీ, నీళ్లు మీరే తెచ్చుకోండి. పదేళ్లలోపు పిల్లల్ని తీసుకెళ్లకండి.

గైడ్ దొరక్కపోయినా ఇబ్బంది లేదు. ఆ అంకెలు రోడ్డు మీదే ఉన్నాయి, టికెట్ లేదు, ఏ ఆదివారమైనా పొద్దున తొమ్మిదికి చపుల్తెపెక్ మెట్రో దగ్గర దిగి తూర్పుగా నడుచుకుంటూ వెళ్లండి. ఐదుకి నా మార్కులు నాలుగున్నర.

తిరిగొచ్చాక సోమవారం మా రౌండబౌట్ దగ్గర బండి పక్కన ఆపి ఒక్క వరస చదివాను. వయసు, ఎత్తు, చివరిసారి వేసుకున్న చొక్కా రంగు, ఎడమ చేతి మీద పచ్చబొట్టు. పన్నెండు ఫోటోలు చదివేసరికి ఆఫీసుకి లేటయింది. ఏటా మే 10న, అంటే ఇక్కడి మదర్స్ డే రోజున, వెతికే తల్లులు ఊరేగింపుగా అక్కడికే వస్తారని మా ఆఫీసు అమ్మాయి చెప్పింది. మా ఆవిడ ఇప్పటినుంచే ఆ రోజుకి సెలవు పెట్టమంటోంది.